క్రిప్టో వాలెట్టులో ఏమున్నది?

ఒకనాటి పల్లె అయిన తెల్లాపూరులో నేడు ఎత్తైన మేడలు లేచినవి; సాఫ్ట్‌వేరు ఉద్యోగులు అనేకులు అక్కడ కాపురమున్నారు. వారికి బిట్‌కాయిను పేరు కొత్త కాదు. వాలెట్టు అనగానే మాత్రము కొత్తవారు డబ్బుసంచి అని భ్రమపడుదురు. అందులో నాణెములుండవు. 2009లో మొదలైన బిట్‌కాయిను జమాఖర్చులన్నియు లోకమంతటా వేలకొలది కంప్యూటర్లలో నకళ్ళుగా ఉన్న ఒకే చిట్టాలో ఉన్నవి. వాలెట్టు దాచునది ఆ పద్దును కదిలించు తాళపుచెవిని మాత్రమే.

ఆ చెవి పోయినచో తిరిగి పొందుటకు సాధారణముగా 12 గాని 24 గాని మాటలిత్తురు. 2048 మాటల పట్టికనుండి ఏరినవవి. ప్రామాణికమైన ఆ పట్టికలలో తెలుగునకు ఇంకను చోటు దొరకలేదు! వానిని కాగితముపై వ్రాసి భద్రపరచవలెను; ఫొటో తీయరాదు. ఫోను, కాగితము రెండును పోయినచో మొరపెట్టుకొనుటకు బ్యాంకు లేదు. ఎక్స్ఛేంజిలో ఉంచితిరా, చెవి వారిదే. 2024 జులైలో వజీరెక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు అపహరింపబడినప్పుడు ఖాతాదారులకు ఈ సంగతి బోధపడినది.