నిద్రకూ ఒక వంతు



ఎప్పుడూ విత్తనాలు, ఎరువులు, తెగుళ్ల సంగతి చెప్పే మనిషి ఈవేళ నిద్ర గురించి చెప్పబోతున్నాడేమిటా అని మీరు అనుకోవచ్చు. నేను వైద్యుణ్ణి గాను. వ్యవసాయంలో డిప్లొమా పుచ్చుకొని, విస్తరణాధికారిగా ఊళ్లు తిరిగేవాణ్ణి. అయితే రైతు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పేది వైద్యుడు కాదు గదా! పంట చెబుతుంది. కాలువ నీటి వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే పోయి మడవ తీయాలి. పొగాకు బ్యారన్ ఒకసారి అంటించామంటే అయిదారు రోజులు రాత్రింబవళ్లు వేడి చూసుకోవాలి. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది గనుక, ఏరియేటర్లు తిరుగుతున్నదీ లేనిదీ కనిపెట్టి ఉండాలి. వేరుశనగ చేలో అడవి పందుల కాపలా సరేసరి. పాడి ఉన్న ఇంట్లో కోడి కూయకముందే లేవాలి. కనుక రైతు నిద్ర కూడా వ్యవసాయ విషయమే.

మన పల్లెల్లో ఒక నమ్మకం ఉన్నది. షుగరు జబ్బు కూర్చుని తినేవాళ్లకు వస్తుంది గాని, ఒళ్లు వంచి పనిచేసేవాడి జోలికి రాదని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కండ కదిలితే చక్కెర ఖర్చవుతుంది. కాని లెక్కలు చూడండి. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన 2008 మొదలు 2020 వరకు దేశమంతటా జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని తేలింది. పట్నాల్లో నూటికి 16 మందికి, పల్లెల్లో నూటికి సుమారు 9 మందికి ఈ జబ్బు ఉన్నది. పల్లె నయమే గదా అని సంతోషించకండి. జబ్బు ఇంకా ముదరకుండా ముంగిట్లో నిలబడి ఉన్న దశ ఒకటుంటుంది. ఆ దశలో ఉన్నవారు పట్నంలో నూటికి 15 మంది, పల్లెలోనూ నూటికి 15 మందే! అంటే జబ్బు మన వాకిట్లోకి వచ్చి కూర్చున్నదన్నమాట. లోపలికి రానివ్వడమా మానడమా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉన్నది.

తిండి సంగతి, ఒంటికి శ్రమ సంగతి అందరూ చెబుతారు. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక మన శ్రమ తగ్గింది, కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. అది మీకు తెలిసినదే. ఎవరూ అంతగా పట్టించుకోనిది నిద్ర.

రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టు చూశారు గదా! పొద్దు వాలేసరికి ఆకులు ముడుచుకుంటుంది, తెల్లవారితే విప్పుకుంటుంది. వెలుతురును బట్టి అట్లా చేస్తుందని మనం అనుకుంటాము. 1729లో దె మైరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. సూర్యరశ్మి తగలకపోయినా పగటి వేళకు ఆకులు విప్పుకొన్నది, రాత్రి వేళకు ముడుచుకొన్నది. మొక్క లోపలే ఒక గడియారం ఉన్నదన్నమాట. అటువంటి గడియారం జంతువుల జీవకణాల్లో ఏ విధంగా నడుస్తుందో పండ్లమీద వాలే చిన్న ఈగలలో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. మన ఒంట్లోనూ ఆ గడియారం ఉన్నది. ఎప్పుడు ఆకలి వేయాలి, ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఏ రసం ఊరాలి అని అది వేళ ప్రకారం నడిపిస్తుంది.

ఇక నిద్రకూ చక్కెరకూ ఉన్న సంబంధం చెబుతాను. మనం తిన్న అన్నం అరిగి చక్కెరగా మారి నెత్తురులో కలుస్తుంది. నెత్తురును పంటకాలువ అనుకోండి. కండలూ కాలేయమూ ఆ కాలువ కింది పొలాలు. క్లోమ గ్రంథిలో పుట్టే ఇన్సులిన్ మన ఊరి నీరుగంటి వంటిది. అది వచ్చి మడవ తీస్తేనే చక్కెర పొలంలోకి పారుతుంది. నిద్ర చాలని ఒంట్లో మడవలు బిగుసుకుపోతాయి. నీరుగంటి ఎంత తిరిగినా నీరు పొలంలోకి దిగదు, కాలువలోనే నిలుస్తుంది. ఏళ్ల తరబడి అట్లా నిలిస్తే గట్లు కోసుకుపోతాయి. కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు, గుండె దెబ్బతినేది ఆ విధంగానే.

ఇది ఊహ కాదు. 1999లో అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను వరుసగా 6 రాత్రులు 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చి పరీక్ష చేశారు. తరువాత 6 రాత్రులు 12 గంటలేసి పడుకోనిచ్చి మళ్లీ పరీక్షించారు. నిద్ర తక్కువైన రోజుల్లో నెత్తురులోని చక్కెర సర్దుకొనే వేగం నూటికి 40 వంతుల దాకా తగ్గింది. తిరిగి నిద్రపోయాక బాగుపడింది. 2004లో మరి 12 మంది మీద చేసిన పరీక్షలో, రెండు రాత్రుల నిద్ర తగ్గేసరికి, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను నూటికి 28 వంతులు పెరిగింది. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గింది. రాత్రి కాపలా కాసిన మర్నాడు బజ్జీల మీద, తీపి టీ మీద ఎందుకు మనసు పోతుందో ఇప్పుడు తెలిసింది గదా!

పదిమంది మీద చేసిన పరీక్ష సరిపోతుందా అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కొత్త వంగడాన్ని ఒక మడిలో చూసి నమ్మము, పది ఊళ్లలో వేసి చూస్తాము. అట్లాగే లక్ష మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి కనిపెట్టి చూసిన లెక్కలన్నీ 2010లో ఒకచోట కూర్చారు. అయిదారు గంటలకన్న మించి నిద్రలేనివారికి మధుమేహం ఎక్కువగా వచ్చినట్లు కనిపించింది. ఎనిమిది తొమ్మిది గంటలకు మించి పడుకొనేవారిలోనూ ఎక్కువే కనిపించింది. మరీ ఎక్కువసేపు నిద్రపోవడం ఒక్కొక్కసారి లోపల ఉన్న మరో జబ్బుకు గుర్తు కావచ్చు. పెద్దవారికి రోజుకు 7 గంటలకు తక్కువ కాని నిద్ర కావాలన్నది నేటి వైద్యుల మాట.

ఇప్పుడు మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి. రాత్రి 11 గంటలదాకా టీవీయో సెల్‌ఫోనో చూసి, తెల్లవారుజామున 4 గంటలకు లేచారనుకోండి. నిద్ర 5 గంటలు. రోజుకు 2 గంటల బాకీ. వారానికి 14 గంటలు, అంటే రెండు పూర్తి రాత్రుల నిద్ర! షావుకారి అప్పు అయితే ఎవరైనా వచ్చి అడుగుతారు. ఈ అప్పును అడిగేవారు లేరు. ఒళ్లే తీరుస్తుంది.

మరి చేయవలసినదేమిటి?

మొదటిది. 4 గంటలకు లేవక తప్పనివారు 9 గంటలకు పడుకోవాలి. రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవడం అలవాటు చేసుకోవాలి. పడుకొనే ముందు ఫోను దూరంగా పెట్టండి, దీపం ఆర్పండి, దోమతెర కట్టండి. దోమలతో పోరాడుతూ పడుకొన్న నిద్ర నిద్ర కాదు.

రెండవది. రాత్రి పని తప్పనిచోట ఒక్కరే మోయకండి. నీటికి వంతులున్నట్లే నిద్రకూ వంతు పెట్టుకోండి. అన్నదమ్ములో, పక్క చెరువు రైతో కలిసి, ఎవరు ఏ రాత్రి కాపలా కాయాలో ముందుగానే అనుకోండి. కాపలా కాసినవాడు మర్నాడు పొద్దున్నే మళ్లీ అరక కట్టకూడదు. ఇంట్లో చీకటిగా, చప్పుడు లేనిచోట పడుకొని తక్కువైన నిద్ర తీర్చుకోవాలి. ఆ పూట అతణ్ణి లేపకుండా చూడడం ఇంటివారి బాధ్యత. మామూలు రోజుల్లో మధ్యాహ్నం అరగంట కునుకు మంచిదే. పొద్దు వాలేదాకా పడుకొంటే మాత్రం రాత్రి నిద్ర చెడుతుంది.

మూడవది. అర్ధరాత్రి భోజనం మానండి. ఉదయం తిన్న అన్నంకన్న రాత్రి పొద్దుపోయి తిన్న అన్నం నెత్తురులో చక్కెరను ఎక్కువగా పెంచుతుంది. 2021లో అమెరికాలో 19 మందిని రాత్రి డ్యూటీ మాదిరిగా మేలుకొలిపి చూశారు. రాత్రి తిన్నవారిలో చక్కెర పెరిగింది, పగలే తిన్నవారిలో పెరగలేదు. కనుక చెరువు గట్టు మీదికి పోయేముందే, పెందలాడే భోంచేసి పోండి. రాత్రికి మంచినీళ్లు ఉంచుకోండి. అయితే షుగరుకు మాత్రలో ఇన్సులిన్ సూదిమందో వాడుతున్నవారు ఒక హెచ్చరిక గమనించాలి. తిండి వేళలు మీ అంతట మీరు మార్చుకోకండి, వైద్యుణ్ణి అడిగి చేయండి. చక్కెర ఒక్కసారిగా పడిపోతే ప్రాణాపాయం.

నాల్గవది. సాయంత్రం 4 గంటల తరువాత టీ, కాఫీ వద్దు. తాగినదాంట్లో సగం సత్తువ అయిదారు గంటలదాకా ఒంట్లో ఉంటుంది. కల్లు, సారా పుచ్చుకొంటే నిద్ర పడుతుందనేవారున్నారు. పట్టేమాట నిజమే. కాని నడిరేయికల్లా ఆ నిద్ర చెదిరిపోతుంది.

ఇక్కడ మగవారికి ఒక మాట. ఇంట్లో అందరికన్న ఆఖరున పడుకొనేదీ, అందరికన్న ముందు లేచేదీ ఇల్లాలు. అంట్లు తోమి, రేపటి పప్పు నానబోసి పడుకొనేసరికి 11 గంటలు. పాలు పితకడానికి 4 గంటలకు లేవాలి. నీటి వంతుకు రాత్రి మేలుకొన్న మగవాడు పగలు కాసేపు నడుం వాలుస్తాడు. ఆమెకు ఆ పూటా పని ఉంటుంది. పాలు పితికి కేంద్రానికి పోసివచ్చే పని వారంలో కొన్ని రోజులు మీరు తీసుకోండి. ఆమె నిద్ర మిగులుతుంది. గేదెకు ఎవరు పితికినా అలవాటవుతుంది.

మరి రెండు గుర్తులు చెప్పి ముగిస్తాను. గట్టిగా గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవారు, పగలు కూర్చున్నచోటే కునికేవారు వైద్యుణ్ణి చూడాలి. అది బలమైన నిద్ర కాదు, ఊపిరి అందని నిద్ర. రాత్రి మాటిమాటికి మూత్రానికి లేచేవారు నిద్ర పట్టలేదని సరిపెట్టుకోకుండా నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి చక్కెర, రక్తపోటు చూపించుకోవాలి. పరగడుపున చక్కెర 100కు లోపు ఉంటే మంచిది. 100 మొదలు 125 వరకు ఉంటే ముంగిటి దశ. 126, ఆపైన ఉంటే మరొకసారి పరీక్షించి మధుమేహమని నిర్ణయిస్తారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

భూసార పరీక్ష చేయించండి అని మీతో ఎన్నిసార్లో చెప్పాను. ఎంతోమంది చేయించారు. ఇది ఆ భూమిని దున్నే ఒంటికి చేయించే పరీక్ష. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు మన పెద్దలు. పట్టుపరుపు లేకపోయినా ఫరవాలేదు. నులకమంచం చాలు. కావలసినది 7 గంటల వేళ. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఎవరి నిద్ర వంతు ఎప్పుడో అనుకోండి.