నాలుగు బాటల పట్నం: పై నుంచి చూసిన హైదరాబాదు

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పాండిత్యం గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఇక్కడే ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆయన నగర పటాన్ని గోడకు తగిలించనిచ్చేవారు కాదు. నేల మీద పరిచి, మమ్మల్ని స్టూలెక్కి చూడమనేవారు. వీధుల అల్లికలో ఇంత అందముందని నాకు అలా తెలిసింది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరం కట్టించడం, పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ దానికి రూపకల్పన చేయడం, చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు సాగడం మీకు తెలిసినవే. నా పేచీ అల్లా హైదరాబాదు ఇస్ఫహాన్‌కు నకలు అనే మాటతోనే.

ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చింది 1598లో. ఆ నగరం నడిమి మైదానం పని 1590 ప్రాంతంలోనే మొదలైందని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. సరే, ఒప్పుకుందాం. అప్పటికి మీర్ మోమిన్ గోల్కొండ చేరి దాదాపు పదేళ్లు. చూడని మైదానాన్ని ఆయన ఎలా అనుకరిస్తారు?

తేదీలు పక్కన పెట్టి, రెండు నగరాలనూ పై నుంచి చూడండి. ఇస్ఫహాన్ నడుమ ఉన్నది సుమారు 560 మీటర్ల పొడవు, 160 మీటర్ల వెడల్పున్న ఖాళీ స్థలం. దక్షిణపు అంచున రాజమసీదు కిబ్లా (మక్కా దిక్కు) కోసం ఏటవాలుగా తిరుగుతుంది. ఆ ఖాళీ, ఆ మలుపు దాని సౌందర్యం. మన పట్నంలో నట్టనడుమ కట్టడమే నిలిచింది. బాటలన్నీ దిక్కులకు కట్టుబడ్డాయి. ఇది నకలు ఎలా అవుతుంది?

మరి దీని మూలం ఎక్కడుంది? కాకతీయుల ఓరుగల్లు కోటను చూడండి. గుండ్రటి ప్రాకారాలు, నాలుగు ద్వారాలు, నడుమ స్వయంభూ దేవాలయం, దాని చుట్టూ నాలుగు కీర్తితోరణాలు. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమానులకు, అంటే చార్ కమాన్‌కు, ఈ తోరణాలతో బంధుత్వం ఉందని కళాచరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ వాదించారు. నేను ఆయన పక్షమే. కాకతీయ రాజ్యం 1323లోనే పోయింది, ఎవరికి గుర్తుంటుందని అడుగుతారు. తోరణాలు కళ్లెదుట నిలిచే ఉన్నాయి కదా! పైగా మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ ఆస్థానానికి ఓరుగల్లు పరాయిదెలా అవుతుంది? మీర్ మోమిన్ మనసులో నాలుగు దారులు కలిసే ఇరానీ చార్‌సూ బజారు ఉండి ఉంటుంది, కాదనను. కానీ ఆ పథకం నిలిచింది ఈ నేల మీద.

బాటలన్నీ దిక్కులకు కట్టుబడ్డాయన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. లాడ్ బజార్ దాటాక పడమటి బాట వాయవ్యానికి, పురానాపూల్ వైపు, వంగుతుంది. వంతెన 1578 నాటిది, నగరం కంటే పాతది. పాత దారికీ కొత్త గీతకూ అక్కడ రాజీ కుదిరిందని నా నమ్మకం. దాన్ని నిరూపించడానికే 1908 మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య లియోనార్డ్ మన్ తయారుచేయించిన పటాలను ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల మీద పరిచి, గల్లీ గల్లీ పోలుస్తున్నాను. రోడ్లు వెడల్పు చేసిన చోట పాత గీత చెరిగిపోయింది. దాన్ని తిరిగి పట్టడానికి ఇళ్ల దస్తావేజుల్లోని చెక్కుబందీ (నాలుగు హద్దుల వివరం) ఒక్కటే ఆధారం. హుస్సేనీ ఆలం, పురానాపూల్ వైపు పాత ఇళ్లున్నవారు ఈ సభలో ఉంటే, మీ దస్తావేజులు ఒక్కసారి చూడనివ్వండి.