పాత సైకిలు – బిగిసిన క్రాంకు

టోకు వర్తకమునకు పేరొందిన బేగంబజారులో ఇనుపసామానునకు కొదువ లేదు. కాని పాత సైకిలును చెడగొట్టక విప్పు నేర్పు ఏ అంగడిలోను లభింపదు.

ఇంగ్లండు నుండి వచ్చిన ర్యాలీ బండ్లలో గాని, 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్ వెలసిన పిమ్మట ఇచ్చట తయారైన హెర్క్యులీస్ బండ్లలో గాని, క్రాంకును ఇరుసునకు బిగించునది ఒక చిన్న ఉక్కుచీల. దానినే కాటర్ పిన్ను అందురు. దాని ఒక ప్రక్క ఏటవాలుగా చెక్కబడి, ఇరుసు మీది గాడిలో ఆనుకొని బిగియును. ఏండ్ల తరబడి త్రుప్పు పట్టినచో రెండు ఇనుములును ఒకటైనట్లుండును.

అప్పుడు సుత్తితో ఎడాపెడా బాదిన, ఆ దెబ్బ ఇరుసు గుండా గోళీలకు తగిలి, వాటి గిన్నెలలో గుంటలు పడును. కావున ముందు పలుచని నూనె వేసి ఒక రాత్రి నాననీయవలెను. నట్టును పూర్తిగా తీయక, పిన్ను కొనకు సమముగా ఉంచిన మరలు చెడవు. క్రాంకు క్రింద, పిన్ను తల దిగునంత బోలుగల ఇనుపగొట్టమును నేల మీద నిటారుగా నిలిపి ఆనించవలెను. ఇక దెబ్బ బరువు నేలకు పోవును గాని గోళీలకు పోదు. ఆపై బరువైన సుత్తితో సూటిగా ఒకే దెబ్బ.

పిన్ను వంగినను విచారము వలదు. పాతదానిని చూపి క్రొత్తది కొనవచ్చును. ఈ బండ్లకు సాధారణముగా 9.5 మిల్లీమీటర్లది సరిపోవును. రెండు పిన్నులను ఎదురెదురు దిశలలో దూర్చవలెను. లేనిచో పెడళ్లు ఒకే వరుసలో నిలువవు. పిన్ను పోయిన మరియొకటి వచ్చును. ఆనాటి ఇరుసు పోయిన తెచ్చుట కష్టము.