సైనికుని పింఛను – అప్పీలు న్యాయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామములు తెలుగుదేశమున పెక్కు గలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము ఆ కారణముననే మిలిటరీ మాధవరమని పేరు వడసినది. యువకుడు పటాలములో చేరునాడు ఊరంతయు వచ్చి సాగనంపును. అతడు రోగియై గడువునకు ముందే తిరిగి వచ్చిననాడు ఇంటివారు తప్ప పలుకరించువారు అరుదు. కొన్ని నెలలకు అతనికి ఒక కాగితము వచ్చును. ఈ వ్యాధి సైనిక సేవ వలన కలిగినది కాదు, సేవ వలన హెచ్చినదియు కాదు అని అందులో నొక వాక్యముండును. దానితో వైకల్య పింఛను నిలిచిపోవును. పలువురు దానిని తలవ్రాతగా నెంచి, కాగితమును పెట్టెలో దాచి యూరకుందురు. అది తలవ్రాత కాదు. ఒక అధికారి చేసిన నిర్ణయము. నిర్ణయముపై అప్పీలు కలదు.

మొదట హక్కు ఎట్టిదో తెలియవలెను. 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలో 173వ నిబంధన రెండు విషయములను కోరినది. వైకల్యము సైనిక సేవ వలన కలిగినదో, సేవ వలన హెచ్చినదో కావలెను. అది నూటికి 20 పాళ్లకు తగ్గరాదు. ఈ పింఛనులో చేసిన సేవకు ఒక భాగము, వైకల్యమునకు వేరొక భాగము ఉండును. గుండు దెబ్బ తిన్నవానికి కారణము చూపుట సులభము. మూర్ఛ, మనోవ్యాధి, రక్తపు పోటు వంటివి వచ్చినపుడే వివాదము పుట్టును. ఇది పుట్టుకతో వచ్చిన దేహతత్త్వమని వైద్య మండలి వ్రాసినచో, కాదని పేద సైనికుడు ఎట్లు రుజువు చేయగలడు?

1982 నాటి అర్హతా నియమములు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవి. సైన్యములో చేర్చుకొనునపుడు వైద్యులు ఏ రోగమును వ్రాయనిచో, అతడు ఆరోగ్యవంతుడై చేరెనని భావింపవలెను. పిమ్మట ఆరోగ్యము చెడి పంపివేసినచో, ఆ చెడుట సేవ వలననే యని తలపవలెను. రుజువు చేయవలసిన భారము సైనికునిపై లేదు. సహేతుకమైన సందేహమున్నచో దాని ఫలము అతనికే చెందవలెను.

నియమమున్నను అది నడచుటకు న్యాయస్థానము మెట్లు ఎక్కవలసి వచ్చినది. సిగ్నల్సు దళమున 1985లో చేరిన ఒక సైనికుడు 1994లో మూర్ఛవ్యాధి కారణముగా 20 పాళ్ల వైకల్యముతో పంపివేయబడెను. వ్యాధికి సేవతో సంబంధము లేదని పింఛను నిరాకరింపబడెను. హిమాచల ప్రదేశ్ హైకోర్టులో 2004లో ఏక న్యాయమూర్తి అతని పక్షమున తీర్పు చెప్పిరి. 2009లో ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని కొట్టివేసెను. 2013 జూలై 2వ తేదీన సుప్రీం కోర్టు మొదటి తీర్పును నిలబెట్టెను. చేరునపుడు రోగమున్నట్లు వ్రాత లేదు. దానిని అప్పుడు కనుగొనలేకపోవుటకు కారణమును వైద్య మండలి చెప్పలేదు. కారణము చెప్పని అభిప్రాయము హక్కును తీసివేయజాలదని ఆ తీర్పు సారాంశము. సేవ విడిచిన 19 ఏండ్లకు అతనికి న్యాయము దక్కినది. వైద్య మండలి కారణములు చెప్పితీరవలెనని 2025లో కూడ ఆ న్యాయస్థానము మరల ఘంటాపథముగా చెప్పినది.

ఐతే అడిగిన ప్రతివానికిని పింఛను దొరకునని తలపరాదు. సెలవులో ఇంటికి వచ్చి స్కూటరు ప్రమాదమున గాయపడిన సైనికుని విషయమున, ఆ గాయమునకు సైనిక సేవతో సంబంధము లేదని సుప్రీం కోర్టు 2011లో పింఛను నిరాకరించినది. వైకల్యమునకును సేవకును నడుమ లంకె యుండవలెను.

మరణించిన సైనికుని కుటుంబమునకు మూడు విధములగు పింఛనులు గలవు. సాధారణ కుటుంబ పింఛను మొత్తము లెక్కకు వచ్చు జీతములో 30 పాళ్లు. మరణము సేవ వలన కలిగినచో ప్రత్యేక కుటుంబ పింఛను 60 పాళ్లు. యుద్ధమున, యుద్ధముతో సమానమగు కార్యములలో మరణించినచో ఉదార కుటుంబ పింఛను ఆ జీతమంతయు. ఒకే మాటపై వితంతువు రాబడి సగమగుచున్నది. మొదటి పింఛను రాగానే అదియే తుదియని ఆమె తలపరాదు.

ఇక మార్గము. తిరస్కార పత్రములో చెప్పిన గడువులోపల మొదటి అప్పీలు కమిటీకి వ్రాయవలెను. అచటను కాదన్నచో రెండవ కమిటీ కలదు. ఆ పిమ్మట సాయుధ దళముల ట్రిబ్యునలు. 2007 నాటి చట్టముచే ఏర్పడి 2009 ఆగస్టున పని ప్రారంభించిన ఈ ట్రిబ్యునలులో తెలుగువారి వ్యాజ్యములు చెన్నై బెంచి పరిధిలోనివి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలో అర్జీ పెట్టవలెను. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నింతురు. వకీలు లేకున్నను అర్జీదారుడు స్వయముగా వాదించుకొనవచ్చును. ట్రిబ్యునలు తీర్పును హైకోర్టు పరిశీలింపవచ్చునని 2023 మార్చిలో సుప్రీం కోర్టు స్పష్టపరచినది.

ఆలస్యము వలన నష్టము కలదు. 2008లో ఒక వైకల్య పింఛను వ్యాజ్యమున, పింఛను ప్రతి నెలయు రావలసినది గాన హక్కు చావదని చెప్పుచునే, బకాయిలను అర్జీకి ముందరి మూడేండ్లకే సుప్రీం కోర్టు పరిమితము చేసినది. ఏండ్ల తరబడి యూరకున్న ఆ సైనికుని తక్కిన బకాయిలు పోయినవి.

2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ తేదీకి పిమ్మట సేవ విడిచినవారు వానిని చదువుకొనవలెను. ఎవరికి ఏ నియమములు వర్తించునో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును.

కావున ప్రతి సైనికుని యింటను డిశ్చార్జి పుస్తకము, వైద్య మండలి నివేదిక, పింఛను ఉత్తర్వు, తిరస్కార పత్రము భద్రముగా నుండవలెను. కాగితము వచ్చిన తేదీని దానిపైననే వ్రాసి యుంచవలెను. ఆ కాగితములు ఇంగ్లీషులో నుండుటచే వితంతువులు, వృద్ధులు వానిని చదువలేకున్నారు. గ్రంథాలయమునకు వచ్చు చదువుకొన్న యువకులు వారమున కొక సాయంకాలము కూర్చుండి అట్టి కాగితములను చదివి తెలుగున చెప్పి, గడువు దాటకుండ అర్జీ వ్రాసి పెట్టగలిగినచో, బీరువాలోని పుస్తకములు నేర్పిన అక్షరము ఒక ఇంట దీపమై వెలుగును. రజతోత్సవ వేళ గ్రంథాలయము పూనదగిన వ్రతములలో ఇది యొకటి.