హద్దు దాటిన స్వరము



ఉప్పుటేరులో కొల్లేటి నీరు ఎక్కడ ముగిసి సముద్రపు ఉప్పు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపగలరా? నోట వేసుకుంటేనే గాని తెలియదు. సూర్యుని నుండి వీచే విద్యుత్ కణాల గాలికి కూడా అలాంటి హద్దే ఉన్నది.

1977లో బయలుదేరిన వాయేజర్-1 నౌక సుమారు 1,800 కోట్ల కిలోమీటర్లు సాగి ఆ హద్దు చేరింది. అయితే ఆ కణాలను నేరుగా కొలిచే పరికరము 1980లోనే చెడిపోయింది! అయస్కాంత క్షేత్రపు దిశ మారలేదు గనుక, దాటిందని కొందరు, లేదని కొందరు వాదించుకున్నారు.

మిగిలినది ప్లాస్మా తరంగాలను వినే చెవి. కాని కదిలించేది లేనిదే తరంగము పుట్టదు గదా. 2012 మార్చిలో సూర్యునిపై లేచిన తుఫాను 13 నెలలు ప్రయాణించి, 2013 ఏప్రిల్‌లో నౌక చుట్టూ ఉన్న ప్లాస్మాను కంపింపజేసింది. ఆ స్వరము ఎంత హెచ్చితే కణాలు అంత దట్టమన్నమాట. (భౌతికశాస్త్రము నా చదువు కాదు, ఈ మాట అర్థమగుటకు నాకు రెండు రోజులు పట్టింది.) డాన్ గర్నెట్ బృందము లెక్కకట్టగా, హద్దు లోపలికంటె సుమారు 40 రెట్లు!

పాత రికార్డులు తిరగేస్తే, 2012 అక్టోబరు, నవంబరు నెలల్లోనూ అదే స్వరము, కొంచెము తగ్గు స్థాయిలో. అలా వెనక్కి లెక్కించి, 2012 ఆగస్టు 25ననే నౌక హద్దు దాటిందని తేల్చారు. 2013 సెప్టెంబరులో ఆ సంగతి ప్రకటించేసరికి ఏడాది గడిచిపోయింది.