వర్ణదర్శనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన యూరివారికి విజ్ఞానభిక్ష పెట్టుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. ఏ ప్రబంధమునో, ఏ పురాణ ఘట్టమునో నేను వివరింతునని తాము తలచియుండవచ్చును. కాని యీనాడు నేను మాటాడదలచినది కంటిని గూర్చి. రంగు అనునది యెక్కడ నున్నది? వస్తువునందా, వెలుగునందా, చూచువానియందా? ఇది పొద్దుపోక వేసిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము తెలియకపోవుటచేతనే మన పిల్లలలో కొందఱు చేయని తప్పునకు శిక్ష ననుభవించుచున్నారు. ఆ సంగతి క్రమముగా విన్నవింతును.

మన ప్రాచీనులు ఈ విచారము చేయకపోలేదు. ఆంధ్రుడని ప్రసిద్ధి కెక్కిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమునందు, కన్నొక్కటియే గ్రహింపగల గుణమునకు రూపమని పేరు పెట్టి, దానిని తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు, ఆకుపచ్చ, కపిశము, చిత్రము అని యేడు విధములుగా విభజించెను. తార్కికుల మతమున ఆ గుణము ద్రవ్యమునందే యుండును. ఇంగ్లండు దేశమున న్యూటను పండితుడు 1666 ప్రాంతమున చీకటిగదిలోనికి సన్నని సూర్యకిరణమును రానిచ్చి, గాజు పట్టకము గుండ ప్రసరింపజేసి, తెల్లని వెలుగు పెక్కు రంగుల కూడికయని నిరూపించెను. ఆయనయు ఏడు రంగులే చెప్పెను. కాని ఆ యేడును ఈ యేడును ఒకటి కావు. సంఖ్య కలిసినంత మాత్రమున అంతయు మనవారికి ముందే తెలియునని చెప్పుకొనుట పాండిత్యము కానేరదు. 1704లో ప్రకటించిన గ్రంథమున న్యూటను మఱియొక ముఖ్యవిషయము తెలిపెను. కిరణములకు రంగు లేదు; చూచువానియందు ఆయా రంగుల యనుభవమును పుట్టించు శక్తి మాత్రమే వానికి కలదు.

ఆ యనుభవ మెట్లు పుట్టును? కంటిలో మూడు విధములైన గ్రాహకములున్నచో చాలునని థామసు యంగు అను ఆంగ్ల వైద్యుడు 1801లో ఊహించెను. పిమ్మట మాక్స్‌వెల్లు, హెల్మ్‌హోల్ట్జు పండితులు ఆ మతమును బలపఱచిరి. నేడది ఊహ కాదు. కొలిచి చూచిన సత్యము. కంటి వెనుకగోడపై రెటీనా యను పలుచని పొర కలదు. అందు సుమారు 12 కోట్ల దండకణములును, 60 లక్షల శంకుకణములును ఉన్నవి. దండకణములు మసకవెలుగున పనిచేయును. శంకుకణములు పగటివెలుగున పనిచేయును. మీటరులో నూఱుకోట్లవ భాగమునకు నానోమీటరని పేరు. మన కంటికి కనబడు వెలుగు తరంగముల నిడివి 400 మొదలు 700 నానోమీటర్ల వఱకు. శంకుకణములు మూడు తెగలు. ఒక తెగ 420, రెండవది 530, మూడవది 560 నానోమీటర్ల ప్రాంతపు వెలుగునకు మిక్కిలిగా స్పందించును.

ఇచట నొక సూక్ష్మము కలదు. ఏ శంకుకణమైనను తనకు సోకిన వెలుగు ఎంతటిదో చెప్పగలదు గాని ఏ రంగుదో చెప్పలేదు. తనకు బాగుగా సరిపడు మందకాంతియైనను, అంతగా సరిపడని తీవ్రకాంతియైనను దాని సాక్ష్య మొక్కటియే. పొలముగట్టు తగవులో ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పలేము గదా! ముగ్గురి వాఙ్మూలములను సరిపోల్చిననే నిజము తేలును. మెదడు చేయు పనియు అట్టిదే. మిక్కిలి మసకవెలుగున దండకణములు మాత్రమే మేలుకొనియుండును. వాని తెగ యొక్కటే గనుక పోల్చుటకు రెండవ సాక్షి లేడు. ఎఱ్ఱచీరయు, ఆకుపచ్చచీరయు అప్పుడు నలుపు తెలుపుల నీడలే. అట్టి చీకటిలో మనమందఱమును వర్ణాంధులమే.

జీవరాసులలో ఈ సాక్షుల సంఖ్య యొక్కరీతిగా లేదు. ఆవునకు, ఎద్దునకు, కుక్కకు, జింకకు ఇద్దఱే. స్పెయిను దేశపు క్రీడలో ఎద్దు ఱంకెవేసి పైబడుట గుడ్డ యెఱుపును జూచి కాదు, దాని కదలికను జూచి. నల్లమలలో పెద్దపులి నారింజవన్నెతో ఆకుపచ్చని పొదలలో మెఱయుచున్నదని మన మనుకొందుము. జింక కంటికి ఆ రెండు రంగులకును భేద మంతగా తోచదు. కావున ఆ పులి పొదలోనే కలిసిపోవును. కోతులలో మన దేశపు కొండముచ్చునకును కోతికిని మనవలెనే ముగ్గురు సాక్షులు. పచ్చని యాకుల నడుమ పండిన పండును, ఎఱ్ఱని లేజిగురును కనుగొనుటకు ఇది యుపకరించెనని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పక్షులకు నలుగురు. రామచిలుక మిరపపండును ఎంత దూరమునుండియైనను కనిపెట్టును. పైగా ఆ కారము పక్షుల నోటికి తగులదు.

తేనెటీగకు ముగ్గురే యైనను వేఱు ముగ్గురు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1914 ప్రాంతమున బూడిదవన్నె అట్టముక్కల నడుమ ఒక నీలిముక్క నుంచి, దానిపై పంచదార నీరు పెట్టి ఈగలను మరపెను. తరువాత నీరు లేకున్నను అవి నీలిముక్కపైననే వ్రాలెను. ఎఱ్ఱముక్కను మాత్రము నల్లదానినుండి వేఱుపఱుపలేకపోయెను. మన కంటికి అందని అతినీలలోహిత కాంతి తేనెటీగకు కనబడును. మనకు ఒకే పసుపుగా తోచు ప్రొద్దుతిరుగుడు రేకుల మొదలును చివరయు దానికి వేఱువేఱు రంగులు. ఇంతకును సాక్షులు పెరిగినంత మాత్రమున తీర్పు సూక్ష్మమగునని తలపరాదు. సముద్రమున మాంటిస్ రొయ్య యను ప్రాణికి పండ్రెండు తెగల వర్ణగ్రాహకములు కలవు. 2014లో ప్రకటించిన పరిశోధనలో దగ్గఱదగ్గఱ రంగులను అది మనకంటె తక్కువగనే గుర్తించునని తేలినది.

ఇక మనుష్యుల సంగతి. పరమాణువాదముచే ప్రసిద్ధుడైన జాన్ డాల్టను తనకు ఎఱుపు, ఆకుపచ్చల భేదము సరిగా తెలియదని 1794లో మాంచెస్టరు విద్వత్సభకు వ్యాసము సమర్పించెను. తన కంటిలోని ద్రవము నీలముగా నుండుటయే కారణమని యాతడు నమ్మి, మరణానంతరము పరీక్షింపుమని కోరెను. 1844లో వైద్యుడు పరీక్షింపగా ద్రవము నిర్మలముగనే యుండెను. భద్రపఱచిన యా కంటిముక్కనుండి 1995లో జన్యుపరీక్ష చేయగా, డాల్టనునకు నడిమి సాక్షి లేడని తేలినది. ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఇట్టి లోపము ఏదో యొక పాలు కలదు. స్త్రీలలో 200 మందికి ఒకరు.

ఈ భేదమునకు కారణము కలదు. రెండవ, మూడవ తెగల సాక్షుల బీజములు ఎక్స్ క్రోమోజోముపై నున్నవి. పురుషునకు అది యొక్కటే; స్త్రీకి రెండు. కావున తాత లోపము కూతురియందు దాగియుండి దౌహిత్రునియందు బయటపడును. తండ్రినుండి కుమారునికి రాదు. మేనమామ వర్ణాంధుడై, మేనకోడలును ఆ బీజమును దాచుకొన్నదైనచో, ఆ మేనరికమున పుట్టిన ఆడపిల్లలకును ఈ లోపము రావచ్చును.

నే నెఱిగిన యొక బాలుడు మిరపచేనిలో పండుకాయలతో పచ్చికాయలు కలిపి కోసెనని తిట్లు తినెను. బడిలో చెట్టుబొమ్మకు ఆకులను గోధుమరంగున వేసి, వేళాకోళమునకని తలచిన ఉపాధ్యాయునిచే దెబ్బలు తినెను. పిల్లవాడు పొగరుబోతని యందఱును నిశ్చయించిరి. కొన్నేండ్లకు కంటివైద్యుడు ఇషిహారా చుక్కల పటములను చూపగా గుట్టు తెలిసెను. అవి 1917లో జపాను వైద్యుడు ప్రకటించినవి. కాని యప్పటికే ఆ బాలునికి బడియన్న భయము స్థిరపడిపోయెను. పటము చదువుట నిమిషముల పని. ఆ భయమును పోగొట్టుట ఏండ్ల పని.

రైలు నడుపువారికి ఈ పరీక్ష తప్పదు, అది న్యాయమే. ఎఱ్ఱదీపమును గుర్తింపక పోయినచో ఎందఱి ప్రాణములో పోవును. కాని ప్రతి పనికిని ఇదే నిబంధన తగదు. లోపము తీవ్రము కానివారు మోటారు వాహనములను నడుపుటకు 2020లో భారత ప్రభుత్వమువారు నియమములను సడలించిరి. పుట్టుకతో వచ్చిన ఈ లోపమును రంగుటద్దములు తొలగింపలేవు. తొలగింపదగినది మన యజ్ఞానము.

కావున మూడు మనవులు. గ్రంథాలయమువారు చుక్కల పటముల పుస్తకమొకటి తెప్పించి, కంటివైద్యుని సహాయమున బడిపిల్లలను పరీక్షింపజేయవలెను. ఉపాధ్యాయులు రంగు నొక్కదానినే గుర్తుగా పెట్టక, పేరును, గీతను గూడ జోడింపవలెను. మూడవది నాబోటి లెక్కలు వ్రాయువారికి. ఎఱుపుసాక్షి లేనివారికి ఎఱ్ఱసిరాయు నల్లసిరాయు ఒక్కటిగనే తోచును. కావున దిద్దిన యంకె క్రింద గీతయు గీయుదము.

పిల్లవాడు ఆకును మఱియొక రంగుగా చెప్పినపుడు చేయెత్తుటకు ముందు, నీకేమి కనబడుచున్నదని యడుగుదము.