అతిశీతల ప్రయోగశాల

వేసవిలో కుండనీరు చల్లబడుట మనమెల్లర మెరిగినదే. కుండ గోడనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోని వేడిమిని హరించును. అతిశీతల శాస్త్రము కూడ ఈ సూత్రముతోనే ప్రారంభమైనది. 1908 జూలై 10న హాలెండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ హీలియము వాయువును ద్రవముగా మార్చెను. ఆ ద్రవము మరుగునది సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడువద్ద. శైత్యమునకు తుది మేర 273.15 డిగ్రీల దిగువ. దానినే పరమశూన్య మందురు.

మరింత దిగువకు పోవుటకు వేరొక ఉపాయము కలదు. రాగి పరమాణుకేంద్రకములను బలమైన అయస్కాంత క్షేత్రమున వరుసపరచి, క్షేత్రమును మెల్లగా తగ్గింతురు. 1956లో ఆక్స్‌ఫర్డున కుర్తీ బృందము దీనిని నిరూపించెను. నేడు పరమశూన్యమునకు డిగ్రీలో వేయవ వంతుకంటెను చేరువకు పోవుట సాధ్యమైనది.

అయితే శ్రోతలారా, ఈ శైత్యమును పుట్టించుటకంటె కాపాడుట కష్టము. ఒక వాట్‌లో నూరుకోట్లవ వంతు వేడిమి చొరబడినను ప్రయోగము చెడవచ్చును.

మొదటి శత్రువు కదలిక. వీధిలో లారీ పోయిన నేల కంపించును. అయస్కాంత క్షేత్రమున రాగి కదలినచో దానిలో సుడివిద్యుత్తు పుట్టి వేడిమి యగును. కావున యంత్రమును భవనపు పునాదితో సంబంధము లేని కాంక్రీటు దిమ్మెపై నిలుపుదురు. దిమ్మెను గాలిబుగ్గలపై తేలించుటయు కలదు. పంపులను వేరొక గదిలో నుంచి, వాని గొట్టములను ఇసుకపెట్టెలగుండ తెత్తురు.

రెండవ శత్రువును పేర్కొనుటకు సంకోచించుచున్నాను. అది ఈ మాటలను మీ యింటికి చేర్చు రేడియో తరంగమే! తీగెలవెంట లోనికి చేరి అది నమూనాను వేడిచేయును. అందుచే గదికి లోహకవచము తొడిగి, తలుపు అంచులను సైతము సందులేకుండ మూసి, లోనికి పోవు ప్రతి తీగెకు వడపోత నమర్తురు.

ఇక హీలియము. ఇది గాలిలో అత్యల్పము. కొన్ని దేశముల ప్రకృతివాయువు బావులలో మాత్రమే తగినంత లభించును. విడిచినచో మీది కెగసి, తుదకు భూమినే వదలిపోవును. కావున ఆవిరియైన వాయువును గొట్టములతో సేకరించి, శుద్ధిచేసి, మరల ద్రవముగా మార్తురు.

గోడలు లేచిన పిదప పునాదిని వేరుచేయుట సులభము కాదు. యంత్రము కొనుటకు ముందే, గునపము నేల తాకకముందే, శాస్త్రజ్ఞుడును తాపీమేస్త్రియు ఒకచోట కూర్చుండవలయును. శైత్యమునకు తొలి కాపరి మేస్త్రియే.